కొత్త ఇంటికి కరెంటు: స్విచ్ బోర్డు సర్టిఫికెట్, లేబుళ్లు సరిగ్గా రాయించుకోవడం ఎలా?

ఎవరి కోసం: ప్రభుత్వ గృహ పథకంలో ఇల్లు కట్టుకుని, కొత్త మీటరు కోసం దరఖాస్తు చేస్తున్న దుగ్గిరాల, తెనాలి, కొల్లిపర ప్రాంతాల లబ్ధిదారుల కోసం.

శ్లాబు పడింది, రంగులు వేశారు, వైరింగు కూడా అయిపోయింది. ఇక మీటరు రావడమే మిగిలింది. ఈ తొందరలో చాలామంది ఎలక్ట్రీషియన్ చూపించిన కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేస్తారు. ఆ కాగితమే వైరింగ్ కంప్లీషన్ సర్టిఫికెట్, అంటే మీ ఇంట్లో వైరింగు భద్రంగా ఉందని లైసెన్సు ఉన్న మనిషి ఇచ్చే హామీ. అందులో రాసింది తప్పయితే ఆ ప్రమాదం మీ ఇంట్లోవాళ్లకే.

మీటరు వరకు ఒకరు, మీటరు తర్వాత ఒకరు

స్తంభం నుంచి మీటరు వరకు బాధ్యత విద్యుత్ పంపిణీ సంస్థది. మన ప్రాంతానికి అది ఏపీసీపీడీసీఎల్. మీటరు దాటాక ఉన్న డిస్ట్రిబ్యూషన్ బోర్డు, వైర్లు, ఎర్తింగ్ అన్నీ ఇంటి యజమాని బాధ్యత. అందుకే వైరింగును లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు చేతే, అర్హత పత్రం ఉన్న సూపర్‌వైజర్ పర్యవేక్షణలో చేయించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ భద్రతా నిబంధనలు చెబుతున్నాయి. తెలిసిన కుర్రాడు తక్కువకు చేస్తాడని పని అప్పజెప్పి, సంతకం మాత్రం వేరేవాళ్ల దగ్గర తెచ్చుకోవద్దు.

సర్టిఫికెట్‌లో ఏమేం చూసుకోవాలి?

1. పేరు, చిరునామా: దరఖాస్తులో, ఆధార్‌లో, ఇంటి పట్టాలో ఉన్నట్టే ఉండాలి. ఒక అక్షరం తేడా ఉన్నా తర్వాత తిరగాల్సి రావచ్చు.

2. కనెక్టెడ్ లోడు: ఇంట్లో వాడే వస్తువులన్నిటి వాట్లు కలిపితే వచ్చేది. ఒక ఉదాహరణ చూడండి. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 5 ఉంటే 45, 75 వాట్ల ఫ్యాన్లు 3 ఉంటే 225, టీవీ 100, ఫ్రిజ్ 200, మిక్సీ 750, అర హార్స్‌పవర్ మోటారు 373. మొత్తం 1,693 వాట్లు, అంటే 2 కిలోవాట్ల లోపు. నెలవారీ స్థిర ఛార్జీ లోడును బట్టి ఉంటుంది కాబట్టి ఎక్కువ రాయించుకోవద్దు. వస్తువులు దాచిపెట్టి తక్కువ కూడా రాయించుకోవద్దు. తర్వాత ఏసీ పెడితే అదనపు లోడుకు దరఖాస్తు చేసుకోండి.

3. ఇన్సులేషన్ పరీక్ష: మెగ్గర్ అనే పరికరంతో 500 వోల్టుల దగ్గర చేస్తారు. ఫలితం కనీసం 1 మెగాఓమ్ రావాలి. కొత్త వైరింగుకు మామూలుగా ఇంకా చాలా ఎక్కువే వస్తుంది. పరీక్ష మీ ముందే చేయమనండి. అన్ని గడుల్లోనూ ఒకే అంకె రాసి ఉంటే, కొలిచి రాశారా లేదా అని అడగండి.

4. ఎర్త్ పరీక్ష: ఎర్త్ గుంత ఎక్కడుంది, ఎన్ని ఓమ్‌లు వచ్చింది అన్నవి రాసి ఉండాలి. మన నల్లరేగడి నేల ఎండాకాలంలో బీటలు తీస్తుంది. అప్పుడు ఎర్త్ పనితనం తగ్గుతుంది కాబట్టి ఆ రోజుల్లో గుంతలో నీళ్లు పోయండి.

5. కాంట్రాక్టరు పేరు, లైసెన్సు నంబరు, అది ఎప్పటివరకు చెల్లుతుంది, సూపర్‌వైజర్ పర్మిట్ నంబరు, తేదీ, సంతకాలు.

ఖాళీ కాగితం మీద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సంతకం పెట్టొద్దు. నింపిన కాగితాన్ని ఫోనులో ఫోటో తీసుకుని, ఒక జిరాక్స్ ఇంటి పత్రాలతో పాటు దాచుకోండి.

బోర్డులో ఏం ఉండాలి?

ముందుగా మెయిన్ స్విచ్. ఇది ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచే రెండు పోల్‌ల స్విచ్ అయి ఉండాలి. తర్వాత 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ. షాక్ కొట్టినప్పుడు కరెంటు మనిషి గుండా నేలలోకి పోతుంటే, ప్రాణాలు కాపాడేలా క్షణంలో ఆపేసేది ఇదే. ఎంసీబీ ఆ పని చేయదు. అది ఎక్కువ లోడు, షార్ట్ సర్క్యూట్ వచ్చినప్పుడు మాత్రమే పడిపోతుంది. ఆర్‌సీసీబీ మీద ‘టీ’ బటన్ ఉంటుంది. నెలకోసారి నొక్కి చూడండి. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే మార్పించాలి. వైర్లు, ఎంసీబీలు ఐఎస్‌ఐ గుర్తు ఉన్నవే తీసుకోండి.

లేబుళ్లు ఎందుకు?

వర్షం రాత్రి మోటారు బోర్డు దగ్గర నిప్పురవ్వలు వచ్చాయనుకోండి. ఇంట్లో పెద్దావిడ, పిల్లలు మాత్రమే ఉన్నారు. ఏది ఆపాలో తెలియక చీకట్లో తడిచేతులతో అన్నీ తడుముతారు. లేబుల్ ఉంటే ఒక్క స్విచ్ దించితే చాలు. రిపేరుకు వచ్చినవాడు కూడా తప్పు స్విచ్ ఆపి, కరెంటు లేదనుకుని వైరు ముట్టుకోడు.

రెండు గదుల ఇంటికి ఇలా రాయించుకోవచ్చు:

మెయిన్ – మొత్తం ఇల్లు – 32 ఆంప్స్
ఆర్‌సీసీబీ – షాక్ రక్షణ – 30 మిల్లీఆంప్స్
1 – ముందు గది, వరండా లైట్లు, ఫ్యాన్లు – 6 ఆంప్స్
2 – పడక గది, వంటగది లైట్లు, ఫ్యాన్లు – 6 ఆంప్స్
3 – వంటగది ప్లగ్గులు (మిక్సీ, ఫ్రిజ్) – 16 ఆంప్స్
4 – నీళ్ల మోటారు – 16 ఆంప్స్
5 – ఖాళీ

• తెలుగులోనే రాయించండి. చదవలేని వాళ్లుంటే పక్కన బల్బు, కుళాయి బొమ్మలు గీయించండి.
• కాగితం ముక్క అంటిస్తే తేమకు ఊడిపోతుంది. ప్లాస్టిక్ స్టిక్కరు మీద చెరగని ఇంకుతో రాయించండి.
• ఎలక్ట్రీషియన్ ఉండగానే ఒక్కో స్విచ్ దించి, ఇల్లంతా తిరిగి చూడండి. రాసినదే ఆగిందా? ఆగకపోతే లేబుల్ మార్పించండి.
• ఇన్వర్టర్ గానీ, సోలార్ గానీ ఉంటే ఎర్ర అక్షరాలతో ఇలా రాయించండి: ‘జాగ్రత్త, మెయిన్ ఆపినా కరెంటు ఉండవచ్చు’. తుఫాను వేళ ఇది మరీ ముఖ్యం. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇంట్లోకి నీళ్లు వచ్చే సూచన కనిపిస్తే, నీళ్లు రాకముందే మెయిన్, ఇన్వర్టర్ రెండూ ఆపేయండి. నీళ్లలో నిలబడి బోర్డు ముట్టుకోవద్దు.

తరచూ అడిగే ప్రశ్నలు

ప్రశ్న: తనిఖీకి వచ్చినవాళ్లు వైరింగు బాగోలేదన్నారు. ఏం చేయాలి?
జవాబు: ఏం మార్చాలో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. నిబంధనల ప్రకారం అలాగే ఇవ్వాలి. దాన్ని కాంట్రాక్టరుకు చూపించి సరిచేయించి, మళ్లీ పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: ఈ మీటరు మీదే పసుపు పాలిషింగ్ మోటారు పెట్టుకోవచ్చా?
జవాబు: వద్దు. వ్యాపారానికి వాడితే కనెక్షన్ కేటగిరీ మారుతుంది. దానికి విడిగా దరఖాస్తు చేయాలి.

ప్రశ్న: తర్వాత ఒక గది పెంచుకుంటే?
జవాబు: కొత్త సర్క్యూట్ వేసినప్పుడల్లా లేబుల్ కూడా మార్చాలి. పాత లేబుల్ అలాగే ఉంటే, లేబుల్ లేకపోవడం కన్నా ప్రమాదం.

సందేహాలుంటే మీ గ్రామ సచివాలయంలోని ఎనర్జీ అసిస్టెంట్‌ను అడగండి. వైరు తెగిపడినా, షాక్ వస్తున్నా వెంటనే 1912కు ఫోన్ చేయండి. ఈ పీడీఎఫ్‌ను మీ కాలనీ గ్రూపులో పంపించండి.