గుంటా? చెరువా?

హాస్టల్లో ఎవరైనా "ఏ ఊరు?" అంటే నేను నెల్లూరు అంటాను. మా నాన్న మాత్రం ముత్తుకూరు మండలంలో ముప్పై ఏళ్ళకు పైగా ఉంటూ కూడా "మాది భీమవరం దగ్గరండి" అనే చెప్తారు. రొయ్యల సాగు కోసం గోదావరి వైపు నుంచి ఈ తీరానికి వచ్చి ఉండిపోయిన కుటుంబాల్లో మాది ఒకటి.

వచ్చినవాళ్ళకి మొదటి చిక్కు మాటలతోనే. మేం రొయ్యల చెరువు అంటాం, ఇక్కడివాళ్ళు రొయ్యల గుంట అంటారు. నెల్లూరులో చెరువంటే వరికి నీళ్ళిచ్చేది, ఉప్పునీళ్ళ దాన్ని చెరువు అంటే వాళ్ళకి నవ్వొస్తుంది. మేం ధాన్యం 75 కిలోల బస్తాల్లో లెక్కేస్తే, వాళ్ళు వడ్లు 850 కిలోల పుట్టిలో లెక్కేస్తారు. మా అమ్మ కొత్తలో ధర విని అదిరిపోయిందట!

నాన్న వచ్చింది 1990ల మొదట్లో. అప్పుడు టైగర్ రొయ్యకి విదేశాల్లో మంచి రేటు. కృష్ణపట్నం దగ్గర సముద్రంలో కలిసే కండలేరు క్రీక్ చుట్టూ ఉప్పు నేలలు, నీళ్ళు ఇంకిపోని బంకమట్టి. వరి పండని భూమి లీజుకి దొరికింది. మొదటి రెండేళ్ళు గట్టు మీద తాటాకు షెడ్డులోనే కాపురం.

గుంట అంటే లోతుగా తవ్వేది కాదు. మట్టిని అంచులకి లాగి గట్లు పోసి, మధ్యలో మీటరు, మీటరున్నర నీళ్ళు నిలబెడతారు. టైగర్ రొయ్యకి సముద్రమంత ఉప్పు అక్కర్లేదు, మంచినీళ్ళు కలిసిన క్రీక్ నీళ్ళు చక్కగా సరిపోతాయి. పోటు టైంలో మోటార్లతో తోడుకోవడం, పాత నీళ్ళు మళ్ళీ అదే క్రీక్‌లోకి వదలడం. నాలుగైదు నెలలకి పట్టుబడి. ధర కౌంట్ మీద, అంటే కిలోకి ఎన్ని తూగుతాయన్న దాని మీద. 30 కౌంట్ అంటే పండగ, 100 కౌంట్ అంటే పెట్టుబడి వస్తే చాలు.

అసలు లోపం ఆ నీళ్ళలోనే ఉంది. ఒకడు వదిలిన నీళ్ళు పక్కవాడు తోడుకుంటున్నాడు. 1994-95లో వైట్ స్పాట్ వైరస్ వచ్చినప్పుడు ఒక గుంటలో చచ్చిన రొయ్యల నీళ్ళు క్రీక్ దారిలోనే పక్క గుంటకి చేరాయి. ఎండ్రకాయలు కూడా ఆ వైరస్‌ని మోస్తాయి. రోగం మొదలైతే వారం పది రోజుల్లో గుంట ఖాళీ. అప్పుడు చాలామంది సామాన్లు సర్దుకుని వెనక్కి వెళ్ళిపోయారు. నాన్న దగ్గర వెళ్ళడానికి కూడా డబ్బుల్లేవు, అందుకే ఉండిపోయాం అంటారు. సగం జోకే అనుకుంటా.

అది చాలదన్నట్టు 1996 డిసెంబర్ 11న సుప్రీంకోర్టు తీర్పు. తమిళనాడు సర్వోదయ నాయకుడు ఎస్. జగన్నాథన్ వేసిన కేసు అది. తీరప్రాంత నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతివి తప్ప మిగతా రొయ్యల గుంటలన్నీ 1997 మార్చి 31లోగా తీసేయమన్నారు. పూర్తిగా అమలు కాలేదు. 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి, రిజిస్ట్రేషన్‌తో సాగుకి దారి ఇచ్చింది. కొత్తగా పెట్టేవి మాత్రం పోటు గీతకి 200 మీటర్ల లోపల ఉండకూడదని అప్పట్లో ఆ చట్టం చెప్పింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక, వైరస్ లేవని పరీక్షించిన తల్లి రొయ్యల్ని విదేశాల నుంచి తెప్పించి సీడ్ తీయడం మొదలైంది. మా ఇల్లు మళ్ళీ నిలబడింది దాంతోనే, నా ఫీజు కూడా.

ఇంట్లో ఆ తీర్పుని తిట్టగా వింటూ పెరిగాను. ఎన్విరాన్‌మెంటల్ స్టడీస్ అసైన్‌మెంట్ కోసం దాన్ని చదివితే, తాగేనీళ్ళు ఉప్పగా మారడం, పక్క వరి పొలాలు చౌడుబారడం, జాలర్లకి సముద్రానికి వెళ్ళే దారి మూసుకుపోవడం, అన్నీ అందులో ఉన్నాయి. మా వీధి బోరు నీళ్ళు నోట్లో పెట్టుకోలేం. క్యాన్ నీళ్ళు కొనుక్కుంటాం. చదివింది నాన్నకి చెప్తే, "తెలుసురా" అని ఊరుకున్నారు.

ఇంకోటి. "మేం వచ్చినప్పుడు ఇక్కడేం లేదు, అంతా బీడే" అని మావాళ్ళు గర్వంగా చెప్తుంటారు. అది నిజం కాదు. ఆ క్రీక్‌లో యానాదులు తరతరాలుగా చేపలు, ఎండ్రకాయలు పట్టుకుని బతికారు. కాగితం మీద వాళ్ళ పేరు లేదు కాబట్టి మనకి బీడు అనిపించింది, అంతే. ఇప్పుడు వాళ్ళే చాలా గుంటలకి రాత్రి కాపలా. మా గుంట కాపలా తాత చిన్నప్పుడు ఎండ్రకాయల బొరియలు వెతుక్కున్న చోటు ఏదని అడిగితే, మా మూడో గుంట మోటారు షెడ్డు వైపు చెయ్యి చూపించాడు.

మొన్న సెలవుల్లో తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి రొయ్యలు పైకి తేలాయి. నాన్న గట్టు మీద పరిగెడుతూ "తాతా, మూడో గుంటలో ఏరియేటర్లు వెయ్యి!" అని అరిచారు. పొద్దున భీమవరం ఫోన్ చేసి బాబాయికి చెప్పేటప్పుడు మాత్రం మళ్ళీ "చెరువు" అన్నారు.