మూగ బొమ్మకు మన సప్పుడు

పోయిన ఎండాకాలం మా ఊరి బడి గోడ మీద ఒక పాత బొమ్మ ఏసినం. 1919ల ఫాల్కే తీసిన 'కాళీయ మర్దన్'. మూకీ. ఫాల్కే బిడ్డ మందాకినే అండ్ల చిన్న కృష్ణుడు. పది నిమిషాలు గాకముందే సగం మంది పిల్లలు లేసిపోయిన్రు. "మాటల్లేవు, పాటల్లేవు, ఏం సూడాలె?" అన్నరు.

తెల్లారి మల్ల అదే బొమ్మ. ఈసారి గోడ పక్కకు డప్పు గొట్టే తాతను, భజనల హార్మోనియం వాయించే అన్నను కూసోబెట్టినం. కృష్ణుడు నీళ్లల్ల దుంకంగనే తాత డప్పు ఆపేసిండు. ఒడ్డు మీద జనం ఏడుస్తున్నరు, ఈడ చిన్న సప్పుడు లేదు. పిల్లలంత ఊపిరి బిగవట్టిన్రు. పామును గెలిచి పిల్లగాడు పైకి రాంగనే డప్పు మోగింది. ఒక్కరు గూడ లేసిపోలే.

బొమ్మ మారలే, సప్పుడు మారింది. అసలు సంగతి గిదే.

మూకీ అంటే సప్పుడు లేని సినిమా అనుకుంటం. తప్పు. రీలుల సప్పుడు లేదు గానీ, తెర ముంగట ఉండె. తబలా, హార్మోనియం వాయించెటోళ్లు ఆడనే కూసునెటోళ్లు. అక్షరం రానోళ్లకు తెర మీది రాతలు సదివి కథ చెప్పెటోళ్లు. 1931ల 'ఆలం ఆరా', 1932ల మన 'భక్త ప్రహ్లాద' వచ్చినయి. తెరనే మాట్లాడుడు మొదలువెట్టినంక గీళ్ల పని పోయింది. హీరోల పేర్లు పుస్తకాలకెక్కినయి. గీళ్లల్ల ఎక్కువ మంది పేర్లు ఏడ లేవు.

ఇప్పుడు ఆ పాత బొమ్మలకు కొత్త సంగీతం కడుతున్నరు. 1929ల వచ్చిన 'ఎ త్రో ఆఫ్ డైస్'కు నితిన్ సాహ్నీ కట్టిండు. 1928 నాటి 'షిరాజ్'ను లండన్‌ల బాగుచేసి, 2017ల అనౌష్క శంకర్ సంగీతంతోని సూపెట్టిన్రు. ఆ ఏడు నవంబర్‌ల అది హైదరాబాద్‌కు గూడ వచ్చింది.

గీ పని ఎట్ల చేస్తరు? ముందుగాల బొమ్మను సప్పుడు లేకుండనే నాలుగైదు సార్లు సూడాలె. అప్పటి కెమెరాను చేత్తోని తిప్పెటోళ్లు, వేగం ఒక్కతీరు ఉండదు. సెకనుకు 16 బొమ్మలతోని తీసింది 24 తోని నడిపితే మనుషులు ఉరికినట్టు కనవడ్తరు, ఏడ్పు గూడ నవ్వులాట అయితది. కాబట్టి వేగం సరిజేసినంకనే తాళం. తర్వాత ఏ సీను ఏడ మారుతదో నిమిషాలతోని రాసుకోవాలె. అడుగు పడ్డకాడల్ల డోలు గొట్టొద్దు, కన్ను సూసిందే చెవికి మల్ల చెప్పుడెందుకు? ఏడ ఊకోవాల్నో తెలుసుడు పెద్ద విద్య. మా తాతకు అది ఎవ్వలు నేర్పలే.

ఇంకో ముచ్చట. 'షిరాజ్' కథల హీరో కుమ్మరి కొడుకు. కోటకు సితార్ సరిపోతది. మరి సారెకు ఏం సప్పుడు? మట్టి పిసికే సప్పుడు, కుండను సలపతోని కొట్టే సప్పుడు కుమ్మరింటి పక్క పెరిగినోళ్లకు తెలుస్తది. అంటే మీకే. మీ ఫోన్‌ల రికార్డు చేసుకోన్రి. సారె, మగ్గం, కొలిమి అన్నీ ఆగిపోతున్నయి. రేపు కావాలన్నా దొరకయి.

మన దేశంల సినిమా వచ్చిన 60 ఏండ్లకు దాని మీద హక్కు తీరిపోతది. ఫాల్కే బొమ్మలు అందరియి. గానీ వాటికి వేరెటోళ్లు కట్టిన కొత్త సంగీతం వాళ్లదే, దాన్ని ఎత్తుకరావద్దు. మనది మనం కట్టుకోవాలె. 1921ల వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ' రీలు ఇయ్యాల లేదు. ఉన్న కొన్నన్న కాపాడుకుందాం.

ఆ రాత్రి ఆట అయిపోయినంక ఒక పెద్దమనిషి వచ్చి, "సావుకు గొట్టే డప్పును బడిల గొట్టిస్తరా?" అన్నడు. తాత తల దించుకొని డప్పు సంకకేసుకున్నడు. నాకు రాత్రంత నిద్ర పట్టలే.

మల్ల ఆటకు గోడ మీద సున్నంతోని పేర్లు రాసినం. మొదటి పేరు తాతదే, ఫాల్కే పేరు దాని కింద. కూలి గూడ కట్టిచ్చినం. మీ ఊర్ల ఆట వెడ్తే గీ రెండు మాత్రం మరువకున్రి తమ్మీ, చెల్లె. పేరు రాయున్రి, పైసలియ్యున్రి.