గరికకు కత్తెర

వేప్పనపల్లిలో రాగి చేనులోకి గరిక పాకితే రైతుకు నిద్ర పట్టదు. పైన ఎంత పీకినా నేల కింద ఒక్క గణుపు మిగిలితే చాలు, తొలకరికి మళ్లీ లేస్తుంది. వినాయకచవితి రోజు అదే గరిక పూజకు కావాలి. లాన్ వేయాలనుకున్నవాళ్లు డబ్బిచ్చి కొనే హైబ్రిడ్ బెర్ముడా కూడా గరిక బిడ్డే. ఆ బిడ్డ లాన్‌గా నిలబడేదీ, మాసిన చాపలా మిగిలేదీ ఎరువు సంచిని బట్టి కన్నా కోసే యంత్రాన్ని బట్టి తేలుతుందని నా వాదన.

ఆ యంత్రం పుట్టుక బట్టల మిల్లులో ఉంది. ఇంగ్లండులో స్ట్రౌడ్ పరిసరాలు ఉన్ని నేతకు పేరు. బట్ట మీద లేచిన నూగును సమంగా కత్తిరించడానికి అక్కడ ఒక యంత్రం వాడేవారు. మెలితిరిగిన బ్లేళ్ల చట్రం గిర్రున తిరుగుతూ, కదలని అడుగు బ్లేడు మీదికి నూగును లాగి తెంచేది. ఎడ్విన్ బడ్డింగ్ అనే మెకానిక్ ఆ పనితనాన్ని గడ్డి మీదికి తెచ్చి, 1830లో పేటెంటు పొందాడు. 1832లో ఇప్స్‌విచ్‌లోని రాన్సమ్స్ కంపెనీ తయారీ హక్కు తీసుకుంది. అంతవరకు నున్నటి పచ్చిక కావాలంటే గొర్రెలను మేపాలి, లేదా మంచు తడి ఆరకముందే కూలీలు పొడుగు పిడి కొడవళ్లతో కోయాలి. గడ్డి ఆకు మొదలు నుంచి పెరుగుతుంది కాబట్టి కొస తెగినా బతుకుతుంది; మందకైనా మోవర్‌కైనా ఆసరా ఆ గుణమే.

యంత్రం నేలకు దగ్గరగా కోయగలిగాక, ఆ ఎత్తుకు ఓర్చే గడ్డి కావలసి వచ్చింది. అమెరికాలో జార్జియా రాష్ట్రపు టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ అలాంటి గడ్డి రకాలను రూపొందించే పనిలో ఏళ్లు గడిపాడు. అక్కడి నుంచి 1960లో విడుదలైన టిఫ్‌వే 419 ఇప్పటికీ ప్రపంచమంతటా మైదానాల్లో ఉంది. 36 క్రోమోజోముల గరికకూ 18 క్రోమోజోముల దక్షిణాఫ్రికా జాతికీ పుట్టిన సంకరం ఇది. దీనికి 27 ఉంటాయి గనుక పనికొచ్చే గింజ కట్టదు. తీగ ముక్కలు నాటాలి, లేదా మట్టితో కోసిన పలకలు పరచాలి. ఆకు సన్నం, గణుపులు దగ్గర. ఒకటిన్నర సెంటీమీటర్ల ఎత్తులో కోసినా పక్కకు పాకి నేలను కప్పేస్తుంది.

చౌకగా దొరికే రోటరీ మోవర్ చాలదా అంటారు. ఎగుడుదిగుడు నేల మీద, ఎదిగిన గడ్డి మీద అది నిజంగానే మేలు. సాన పట్టడమూ సులువే. కానీ దాని బ్లేడు వేగంతో కొడుతుంది, బడ్డింగ్ తరహా రీల్ మోవర్ కత్తెరలా తెంచుతుంది. మొండి బారిన రోటరీ దెబ్బకు ఆకు కొస చీలి, ఎండి, లాన్ మొత్తం బూడిదరంగుకు తిరుగుతుంది. తక్కువ ఎత్తులో గుంతా మిట్టా వస్తే నేలనే గీకుతుంది. ఎరువు చాలలేదనుకుని యూరియా చల్లితే, ఇంకాస్త ఎదిగి ఇంకాస్త చీలుతుంది.

అసలు గట్టి అభ్యంతరం వేరే ఉంది: ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? ఒక్క కోతలో మూడో వంతుకు మించి తీయకూడదు. ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంచాలంటే రెండుంబావు దాటకముందే యంత్రం నడవాలి. వానాకాలంలో అది రెండు మూడు రోజులకోసారి. ఆలస్యమైతే ఆకుపచ్చ లేని కాడ బయటపడి గోధుమరంగు మచ్చలు తేలతాయి. పైగా పొట్టిగా కోసేకొద్దీ వేరూ పొట్టిదవుతుంది, తడి తరచుగా పెట్టాలి. బోరు మీద ఆధారపడ్డ సీమలో ఇది చిన్న ఖర్చు కాదు. ఈ అభ్యంతరానికి నా దగ్గర ఖండన లేదు. వారానికి రెండుసార్లు కోయలేనివాళ్లు హైబ్రిడ్ జోలికి వెళ్లవద్దు. నాటు గరికను ఐదు సెంటీమీటర్లకు పెంచి రోటరీతో కోసుకుంటే చాలు.

కోయగలమన్నవాళ్లు రీల్ మోవర్ కొనేముందు దుకాణంలోనే అడుగు బ్లేడు మీద వార్తాపత్రిక ముక్క పెట్టి రీల్‌ను చేత్తో మెల్లగా తిప్పించి చూడండి. ఈ కొస నుంచి ఆ కొస దాకా కాగితం ఎక్కడా నలగకుండా తెగాలి.