కంటి చుక్కల మందు ఎవరు రాయాలి?

కళ్ళు ఎర్రబడగానే ఇంట్లో మిగిలిపోయిన చుక్కల మందు సీసా కోసం వెతకడం మనలో చాలామందికి అలవాటు. "ఒక్క చుక్కే కదా, ఏం చేస్తుందిలే" అనుకుంటాం. కాని ఆ చుక్కను రాసిచ్చే అధికారం ఎవరికి ఉండాలన్న ప్రశ్న మీద అమెరికాలోని శాసనసభలు యాభై ఏళ్ళకు పైగా వాదించుకున్నాయి. ఎందుకో తెలుసుకుందాం.

అమెరికాలో కంటిని పరీక్షించే నిపుణులు ముఖ్యంగా రెండు రకాలు. ఒకరు కంటి డాక్టరు. కాలేజీ చదువు ముగిశాక నాలుగేళ్ళు వైద్యవిద్య, ఆ పైన మరో నాలుగేళ్ళు ఆసుపత్రి శిక్షణ పొంది, శస్త్రచికిత్సలు కూడా చేస్తారు. రెండవవారు ఆప్టోమెట్రిస్టు. కాలేజీ చదువు తరువాత నాలుగేళ్ళు కంటి గురించే ప్రత్యేకంగా చదువుతారు. చూపు కొలిచి కళ్ళద్దాలు నిర్ణయించడం వీరి మొదటి పని. మందులు రాసే అధికారం వీరికి మొదట్లో లేదు.

మందు కంటిలో వేస్తే కంటిలోనే ఉంటుందా? ఉండదు! చుక్కలు వేసుకున్న కొద్దిసేపటికి గొంతులో చేదు తగలడం మీలో కొందరికి అనుభవమే. కంటి మూల నుండి ముక్కులోకి ఒక సన్నని కన్నీటి నాళం ఉంది. మందు ఆ దారిన ముక్కులోకి జారి, అక్కడి పొర ద్వారా రక్తంలో కలుస్తుంది. గ్లాకోమా (నీటికాసులు) అనే జబ్బులో కంటిలోని ఒత్తిడిని తగ్గించడానికి టిమొలాల్ చుక్కలు వాడతారు. ఆ చుక్కలే ఉబ్బసం ఉన్నవారికి శ్వాసనాళాలను బిగించి, ఊపిరాడకుండా చేయగలవు. కనుక ఆ మందు రాసేవారికి కన్ను ఒక్కటే తెలిస్తే చాలదు. గుండె, ఊపిరితిత్తుల సంగతీ తెలియాలి.

మరో ఉదాహరణ చూడండి. కన్ను దుమ్ము పడక ఎర్రబడవచ్చు, హెర్పిస్ వైరస్ వల్లా ఎర్రబడవచ్చు. స్టెరాయిడ్ చుక్కలు వేస్తే ఎరుపు తగ్గుతుంది. కాని కారణం వైరస్ అయితే అది మరింత వ్యాపించి, కంటి ముందున్న కార్నియాను పుండు చేస్తుంది. పైగా స్టెరాయిడ్లు ఎక్కువ రోజులు వాడితే కొందరిలో కంటి ఒత్తిడి నొప్పి లేకుండానే పెరుగుతుంది. దానివల్ల దెబ్బతిన్న దృక్‌నాడి మళ్ళీ బాగుపడదు.

అలాగని ఆప్టోమెట్రిస్టులకు అధికారం ఇవ్వకపోతే? కంటి డాక్టరు ఎక్కడో దూరాన ఉండే కొండప్రాంతాల రోగి గతేమిటి? ఈ రెండు వైపులనూ తూచవలసినది ప్రభుత్వమే. అమెరికాలో ఒక మందు అమ్మకానికి తగినదా కాదా అని కేంద్ర సంస్థ నిర్ణయిస్తుంది. దానిని ఎవరు రాయవచ్చో ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం చట్టం చేస్తుంది. రోడ్ ఐలండ్ 1971లో పరీక్ష కోసం కనుపాపను పెద్దది చేసే చుక్కలకు అనుమతి ఇచ్చింది. కొండలు, బొగ్గు గనులు ఉన్న వెస్ట్ వర్జీనియా 1976లో చికిత్స మందులకూ అనుమతించింది. మసాచుసెట్స్‌లో మాత్రం గ్లాకోమా మందులు రాసే అధికారం 2021లో గాని రాలేదు!

అధికారం ఇచ్చి ప్రభుత్వం ఊరుకోదు. ఏ రకం మందులు రాయవచ్చో చట్టమే చెబుతుంది. ప్రతి రాష్ట్రంలోనూ ఒక బోర్డు ఉంటుంది. అది అర్హతలు చూసి లైసెన్సు ఇస్తుంది. కొత్త విషయాలు నేర్చుకుంటూ ఉన్నవారికే దానిని పొడిగిస్తుంది. ఫిర్యాదు వస్తే విచారిస్తుంది, తప్పు రుజువైతే లైసెన్సు రద్దు చేయగలదు.

మన దేశంలో కూడా ఆప్టోమెట్రిస్టులను ఒక జాతీయ కమిషన్ పరిధిలోకి తెస్తూ పార్లమెంటు 2021లో చట్టం చేసింది. ఇక స్టెరాయిడ్ చుక్కల వంటి మందులను రిజిస్టరైన డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదన్నది మన మందుల చట్టం కింద ఉన్న నియమం. ఈసారి ఇంట్లో అటువంటి సీసా కనబడితే దాని మీది చీటీ చదవండి. ఆ హెచ్చరిక అక్కడే అచ్చువేసి ఉంటుంది. పక్కింటివారికి పనిచేసిన చుక్క మీ కంటికి పనిచేయాలని లేదు. ఆ తేడా తెలిసినవారే మందు రాయాలి. చట్టం చూసేదీ అదే.