నాలుగు చక్రములు – సమాన భారము

రామగుండము, గోదావరిఖని ప్రాంతపు ఓపెన్‌కాస్టు గనులలో మట్టిని, రాళ్లను తరలించు పెద్ద డంపర్లు ఆ ప్రాంతీయులకు నిత్యము కనబడునవే. 100 టన్నులు మోయగల డంపరుకు ముందు రెండు టైర్లు, వెనుక నాలుగు టైర్లు ఉండును. నిండుగా నింపినప్పుడు భారములో సుమారు మూడింట ఒక వంతు ముందునకు, రెండు వంతులు వెనుకకు పడునట్లు దానిని నిర్మింతురు. లెక్కించి చూచినచో ఆరు టైర్లకును ఇంచుమించు సమానమైన పాలే వచ్చును. వేగమునకు పేరు పొందిన జర్మను కారు బి.ఎం.డబ్ల్యు. 3 సిరీస్‌కు ఆ పేరు వచ్చుటకు గల కారణములలో ముఖ్యమైనది కూడ ఇట్టి పంపకమే.

మ్యూనిక్ నగరమునకు చెందిన ఈ సంస్థ 1916లో విమానముల ఇంజన్లతో ఆరంభమైనది. 1923లో మోటారు సైకిళ్లను చేపట్టి, 1928లో ఐసెనాక్‌లోని కార్ల ఫ్యాక్టరీని కొన్నది. 1959లో నష్టముల పాలై డైమ్లర్-బెంజ్ సంస్థ చేతికి పోవు స్థితి కలిగినను, వాటాదారులు అందుకు సమ్మతింపలేదు. హెర్బర్ట్ క్వాంట్ పెట్టుబడితో అది నిలద్రొక్కుకొన్నది. 1961లో ఫ్రాంక్‌ఫర్టులో ప్రదర్శించిన ‘1500’ అను కారు, 1968లో వెలువడిన ‘2002’ అను కారు దానికి కీర్తి తెచ్చినవి. ఆ వరుసలోనే 1975లో 3 సిరీస్ వచ్చినది. 2007లో చెన్నై సమీపమున ప్రారంభమైన కర్మాగారములోను దీనిని కూర్చిరి.

ఎడ్లబండి తోలు రైతు బస్తాలను సర్దుట గమనింపుడు. బరువు ముందునకు ఎక్కువైనచో ఎద్దుల మెడ నొచ్చును. వెనుకకు ఎక్కువైనచో కాడి పైకి లేచును. కారునకును అంతే. చాల చిన్న కార్లలో ఇంజను, గేరుపెట్టె, నడుపు చక్రములు అన్నియు ముందే ఉండుటచే ముందు టైర్లపై భారము హెచ్చును. బండిని లాగుట, మలుపు త్రిప్పుట అను రెండు పనులును వాటిపైనే పడును. 3 సిరీస్‌లో ఇంజను ముందున్నను, ముందు చక్రములను వీలైనంత ముందునకు జరిపి, గేరుపెట్టెను ఇంజనుకు వెనుకగా నిలువున అమర్చిరి. ఇందుచే భారము ముందు వెనుకలకు దాదాపు సగము సగముగా పంచబడును. ఈ కార్లలో అధిక భాగమునకు వెనుక చక్రములు నెట్టును, ముందు చక్రములు త్రిప్పును. వేగము పెంచినప్పుడు భారము కొంత వెనుకకు ఒరగును గనుక నెట్టు టైర్లకు పట్టు మరింత దొరకును.

అయితే ఎంత చక్కని పంపకమైనను, టైరునకు రోడ్డు ఇచ్చు ఘర్షణను మించి పనిచేయజాలదు. పొడి తారురోడ్డుపై ఘర్షణ గుణకము సుమారు 0.7, తడిసినప్పుడు 0.4 వరకు తగ్గవచ్చును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు, బ్రేకు పడిన పిమ్మట పొడి రోడ్డుపై సుమారు 20 మీటర్లలోను, తడి రోడ్డుపై 35 మీటర్లలోను ఆగును. వేగము రెట్టింపైనచో ఈ దూరము నాలుగింతలగును: అనగా సుమారు 80, 140 మీటర్లు. ఈ లెక్కలో కారు ధరకు గాని, పేరునకు గాని స్థానము లేదు. బొగ్గుపొడి పడిన రోడ్డుపై తొలకరి జల్లు కురిసిన దినమున పట్టు ఇంకను తగ్గును. అట్టి చోట డంపరు తోలువాడైనను, ఖరీదైన కారు తోలువాడైనను వేగము తగ్గించుట ఒక్కటే ఉపాయము.