పెరటి ఆకుకూరకు ఏ బూడిద?

గోదావరిఖనిలో క్వార్టరు వెనుక పదడుగుల మడి ఉన్నచో తోటకూర విత్తుకొనవచ్చును. 25, 30 రోజులలో కోతకు వచ్చును. ఆకుపై పురుగు కనబడగానే మన పెద్దలు బూడిద చల్లెడివారు. అది కట్టెల బూడిద. ఇచ్చట బొగ్గుపొయ్యి ఉన్న ఇండ్లలో బొగ్గు బూడిదనే చల్లుట అలవాటైనది. తొలినాళ్లలో నేనును "బూడిద చల్లండి" అని మాత్రమే చెప్పి, ఏ బూడిదయో చెప్పక పొరబడితిని.

బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసము వంటివి మిగిలియుండును. అవి మట్టిలో చేరి, వేళ్ల ద్వారా ఆకులోనికి రావచ్చును. అట్లు చేరినవి కడిగినను పోవు. థర్మల్ కేంద్రపు బూడిదయు ఇట్టిదే. ఇదివరకే వేసినవారు ఆ మడిని విడిచి, కుండీలలో మంచి మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి పెంచుకొనవలెను. పురుగునకు 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతయు నానబెట్టి, వడగట్టి, సాయంకాలము పిచికారీ చేయవలెను.

ఓపెన్‌కాస్టు దుమ్ము మాత్రము ఆకుపైననే ఉండును. మూడు నీళ్లలో కడుగుడు. ఆకుకూరను ఉడికించి, నీరు పిండి, నూనెగాని నెయ్యిగాని చేర్చి తినుమని చరకసంహిత చెప్పుచున్నది. జీర్ణశక్తి బాగున్నవారు తోటకూరను పిండనక్కరలేదని నా అభిప్రాయము. మూత్రపిండములలో రాళ్లున్నవారు మాత్రము పాలకూర విషయమున వైద్యుని అడుగవలెను.

రాత్రి షిఫ్టు నుండి వచ్చినవారికి తోటకూర పెసరపప్పు తేలిక. పప్పు ఉడికిన పిదప ఆకు వేసి, జీలకర్ర, వెల్లుల్లితో పోపు పెట్టుడు. ఉప్పు చివరనే వేయుడు. ఆకు ఉడికి తగ్గిపోవును గదా.