నాదేముందండీ!

"నాదేముందండీ, అంతా దేవుని కృప." మన ఇళ్లలో, మందిరాల్లో ఈ మాట వినపడని వారం ఉండదు. మంచి మాటే. అయితే దాని వెనకాలే ఒక్కోసారి ఏం వస్తుందో గమనించారా? "నాలాంటి పనికిరానివాణ్ణి కలెక్టరుగారే స్వయంగా పిలిచి మాట్లాడారు" అంటాడొక సహోదరుడు. "మా అబ్బాయి ఇక్కడే ఉండాలని ఎంత ప్రార్థించామో, అమెరికా కంపెనీవాళ్లు వదలడం లేదండీ" అంటుంది ఒక తల్లి, కళ్లు మెరుస్తుండగా. ఇప్పుడు వాట్సాప్ స్టేటస్ కూడా తోడైంది. మెడలో దండ, భుజాన శాలువాతో ఫొటో, కింద "ఈ అల్పునికి ఇంత సన్మానమా!" అని. అల్పుడైతే ఫొటో ఎందుకో!

లూకా సువార్త 18వ అధ్యాయంలోని పరిసయ్యుడు మనకు బాగా తెలిసినవాడే. గర్విష్ఠి అని అతణ్ణి సులువుగా దాటిపోతాం. కాని అతని ప్రార్థన మొదలైంది కృతజ్ఞతతోనే. దేవునికి స్తోత్రం చెప్పి, ఆ వెంటనే సుంకరిని వేలెత్తి చూపాడు. మోషే ధర్మశాస్త్రం అందరికీ విధించిన ఉపవాసం ఏడాదికి ఒక్క ప్రాయశ్చిత్తార్థ దినమే. ఇతడు వారానికి రెండుసార్లు ఉండేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. స్తోత్రం దేవునికి, లెక్క తనకు.

అబద్ధం లేదు కదా అని మేమూ ఒకసారి సర్దుకున్నాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు నాలుగు రోజుల ముందే మా వరి కోత అయి, బస్తాలు ఇంటికి చేరాయి. తరువాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాం. "ఏ యోగ్యతా లేని మమ్మల్ని ప్రభువు ముందే హెచ్చరించి, ఒక్క గింజ తడవకుండా కాపాడాడు" అన్నాం. అందరూ "ఆమెన్" అన్నారు. మా మనసు నిండింది.

ఆరాధన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే ఒక చెల్లెమ్మ దగ్గరికి వచ్చింది. వాళ్లది కౌలు చేను. కోసి వేసిన పనలు నీళ్లలో నాని మొలకలెత్తాయి. "మీరు గట్టిగా ప్రార్థన చేసి ఉంటారక్కా. మాకే విశ్వాసం చాలలేదు" అంది.

ఆ రాత్రి అన్నం సయించలేదు. తుఫాను కబురు ఊరందరికీ ఫోన్లలో వచ్చింది. కోత మిషనువాళ్లు గంటకు అడిగినంత ఇచ్చే డబ్బు మా చేతిలో ఉంది. ఆమె చేతిలో లేదు, కూలీల కోసం ఎదురు చూసింది. కృప అని చెప్పి ఆ డబ్బు సంగతి దాచాం. పైగా, దేవుడు వాళ్లను హెచ్చరించి నన్నెందుకు హెచ్చరించలేదన్న ప్రశ్నను ఆమె నెత్తిన పెట్టి వచ్చాం.

కొరింథీయులకు పౌలు రాసిన రెండవ పత్రిక 12వ అధ్యాయం ఆ రాత్రే మళ్లీ చదివాం. పరదైసు వరకు వెళ్లిన అనుభవాన్ని 14 ఏళ్ల తరువాత, అదీ ఎవరో ఒక మనిషి సంగతిలా చెప్పి ఊరుకున్నాడు. ముల్లు సంగతి మాత్రం దాచలేదు. మూడుసార్లు వేడుకున్నా అది తొలగిపోలేదని రాసుకున్నాడు. మన సాక్ష్యాల సమయంలో తొలగని ముల్లు గురించి ఎవరైనా చెప్పగా విని ఎంతకాలమైంది?

మరునాడు ఆమె చేలోకి వెళ్లాం. తడిసిన పనలు తిరగేస్తూ మిషను డబ్బు సంగతి చెప్పేశాం. ఆమె కాసేపు మాట్లాడలేదు. "ఆ మాట మందిరంలో చెప్పకపోయారా అక్కా" అంది.

వచ్చే ఆదివారం చెప్పాం. ఈసారి ఆమెన్లు తక్కువే వినిపించాయి.